ఐదుగురి కోడ్, మూడు ఎడిటర్లు, ఒకే ఫార్మాటర్: శ్రీకాకుళం నుంచి ఒక కేస్ స్టడీ

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న మా చిన్న కార్యాలయంలో ఐదుగురం కలిసి పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమలకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. 80 కిలోల బస్తాల్లో వచ్చే జీడి పిక్కల తూకం, పిక్కలు కొట్టిన వారికీ పొట్టు తీసిన వారికీ కిలోల లెక్కన కట్టవలసిన కూలి, గ్రేడింగ్ అయిన పప్పు నిల్వ, చివరగా తెలుగులో ముద్రించే రసీదు, ఇవన్నీ ఒకే పైథాన్ ప్రాజెక్టులో ఉన్నాయి. ఏళ్ల తరబడి చేతులు మారిన ప్రాజెక్టు కావడంతో ఒక ఫైలులో ట్యాబులు, మరో ఫైలులో నాలుగేసి ఖాళీలు, ఒకరి ఫంక్షన్‌లో ఒంటి కోట్లు, మరొకరి ఫంక్షన్‌లో జంట కోట్లు ఉండేవి. కోడ్ అర్థం మార్చకుండా ఖాళీలను, కోట్లను, పంక్తులను ఒకే శైలిలో సర్దే ఆటోమేటిక్ కోడ్ ఫార్మాటర్‌ను మేము వాడుతున్న ఎడిటర్లకు కలిపి ఈ పరిస్థితిని ఎలా మార్చామో, ఆ కలపడంలో ఏ పని నిజంగా కష్టమైందో ఈ వ్యాసంలో నమోదు చేస్తున్నాను.

కోడ్ అందంగా కనిపించాలన్న కోరిక దీనికి కారణం కాదు. కూలి లెక్కలో పైసలను సమీప రూపాయికి సర్దే ఒక పంక్తి మారితే, ఆ మార్పును మరొకరు చూసి ఒప్పుకున్న తరువాతే అది పలాసకు వెళ్ళాలన్నది మా నియమం. కానీ మార్చిన వ్యక్తి ఎడిటర్ అదే సమయంలో ట్యాబులను ఖాళీలుగా మార్చేస్తే, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ చూపించే తేడాల్లో ఫైలు మొత్తం ఎర్రగా, పచ్చగా కనిపిస్తుంది. అందులో అసలు మారిన పంక్తి ఎక్కడ ఉందో వెతకడానికి పట్టే సమయం ఆ పంక్తి సరైనదా కాదా అని ఆలోచించడానికి మిగలదు. కూలి డబ్బుకు సంబంధించిన మార్పులు ఇలా కళ్ళు కప్పి వెళ్ళిపోయే అవకాశం ఉండడం మాకు ఆమోదయోగ్యం కాదు.

పనిముట్టు ఎంపిక

ఈ భాగం త్వరగానే తేలింది. 2009లో వెలువడిన గో భాష తనతో పాటే ఒక ఫార్మాటర్‌ను తెచ్చి, శైలి మీద వాదనలకు తావు లేకుండా చేసింది. తరువాత సీ, సీ ప్లస్ ప్లస్ వారికి క్లాంగ్-ఫార్మాట్, 2017లో జావాస్క్రిప్ట్ వారికి ప్రెటియర్, 2018లో పైథాన్ వారికి బ్లాక్ అదే బాటలో వచ్చాయి. మేము బ్లాక్‌ను ఎంచుకున్నాం. 2023లో వచ్చిన రఫ్ ఫార్మాటర్ దీనికన్నా చాలా వేగవంతమైనదే. అయినా ఫార్మాట్ చేయకముందు కోడ్‌నూ చేసిన తరువాత కోడ్‌నూ పార్స్ చేసి (అంటే భాషా నియమాల ప్రకారం విడదీసి చదివి), రెండింటి అర్థ నిర్మాణం ఒకటేనని సరిపోల్చుకున్నాకే బ్లాక్ ఫలితాన్ని ఇస్తుంది. కూలి లెక్కలున్న చోట ఆ పరీక్ష మాకు వేగం కంటే విలువైనదిగా తోచింది. వేగం కోసం ఆ పరీక్షను ఆపేసే ఆప్షన్ ఉంది గాని, దాన్ని మేము తాకలేదు.

బ్లాక్ కూర్పు (వెర్షన్) ఎంపికను మాత్రం మా ఆఫీసులోని ఒక పాత కంప్యూటరు నిర్ణయించింది. మా అందరికన్నా పెద్దవారు, ఫాక్స్‌ప్రో కాలం నుంచి జీడి లెక్కలు రాస్తున్నవారు ఒకరున్నారు. ఆయనను అందరం మాస్టారనే పిలుస్తాం. ఆయన యంత్రం ఇప్పటికీ విండోస్ 7 మీద నడుస్తోంది. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు కనుక అక్కడ పైథాన్ 3.8 దగ్గరే ఆగాలి. బ్లాక్ 24.10 నుంచి 3.8ను వదిలేసింది కనుక 24.8.0 దగ్గర ఆగాలి. ఒకే క్యాలెండరు సంవత్సరంలో విడుదలయ్యే కూర్పుల మధ్య స్థిర శైలి మారదన్న హామీ బ్లాక్ ప్రాజెక్టు ఇస్తోంది. అయినప్పటికీ మేము అందరికీ 24.8.0నే ఖరారు చేసి, ఆ సంఖ్యను ప్రాజెక్టు అమరికలుండే పైప్రాజెక్ట్ ఫైలులో తప్పనిసరి కూర్పుగా రాశాం. వేరే కూర్పుతో నడపబోతే బ్లాక్ తనంతట తానే నిరాకరిస్తుంది. ఈ ఒక్క పంక్తి తరువాత ఎన్ని తగాదాలను ఆపిందో వీఎస్ కోడ్ దగ్గరకు వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇంటర్నెట్ లేని సమయంలో కూడా కొత్త యంత్రాన్ని సిద్ధం చేయగలగాలి కనుక బ్లాక్‌నూ దాని ఆధార ప్యాకేజీలనూ పిప్‌తో ముందే ఒక ఫోల్డర్‌లోకి దింపుకుని, పెన్ డ్రైవ్‌లో ఉంచాం. పిప్ అంటే పైథాన్ ప్యాకేజీలను దింపి ఎక్కించే పనిముట్టు. ఇంటర్నెట్‌లోని ప్యాకేజీల ఇండెక్స్ వైపు చూడకుండా ఆ ఫోల్డర్ నుంచే ఇన్‌స్టాల్ చేయమని పిప్‌కు చెప్పవచ్చు. అయితే ప్యాకేజీలను దింపే యంత్రం వేరు, ఎక్కించే యంత్రం వేరు అయినప్పుడు, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఏ పైథాన్‌కు కావాలో దింపేటప్పుడే స్పష్టంగా పేర్కొనాలి.

ఎడిటర్ నుంచి మేము కోరినవి

ఫార్మాటర్ తన పని తాను చేస్తుంది. ఒక ఫైలిస్తే సర్ది ఇస్తుంది, సర్దలేకపోతే కారణం చెప్పి తప్పుకుంటుంది. ఎడిటర్‌లో ఆ ఫైలు కేవలం అక్షరాల వరుస కాదు. దానిలో కర్సర్ ఉంది, తెరపై కనిపిస్తున్న భాగం ఉంది, వెనక్కి వెళ్ళే చరిత్ర ఉంది, సగంలో ఉన్న మనిషి ఆలోచన ఉంది. కాబట్టి ఫార్మాటర్ పని చేసినప్పుడు ఎలా ఉంటుందన్న దానికంటే, అది పని చేయలేకపోయినప్పుడు ఎడిటర్ ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్న చుట్టూనే మా పని అంతా నడిచింది. ఏ కారణం వల్లనైనా ఫార్మాటింగ్ విఫలమైతే బఫర్‌లో (ఎడిటర్‌లో తెరిచి ఉన్న పాఠంలో) ఒక్క అక్షరం మారకూడదు, సేవ్ ఆగిపోకూడదు. సఫలమైతే కర్సర్ అదే కోడ్ దగ్గర ఉండాలి, ఒక్క అన్‌డూతో ఫార్మాటింగ్ మొత్తం వెనక్కి వెళ్ళాలి. తెలుగు అక్షరాలలో ఒక్క బైటు కూడా తేడా రాకూడదు. ఏ ఎడిటర్ నుంచి చేసినా ఫలితం ఒకటే కావాలి.

విమ్

మాస్టారూ, మరొకరూ విమ్ వాడతారు. బఫర్‌ను బయటి ప్రోగ్రామ్ గుండా పంపి, అది ఇచ్చిన ఫలితంతో బఫర్‌ను మార్చే సౌకర్యం విమ్‌కు పూర్వరూపమైన వీఐ కాలం నుంచే ఉంది. కోలన్, శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, ఆపై ప్రోగ్రామ్ పేరు టైప్ చేస్తే చాలు. దాన్నే సేవ్‌కు ముందు నడిచే ఆటోకమాండ్‌లో పెడితే పని అయిపోయినట్టేనని చాలా మంది రాస్తారు. ఒక నకలు ఫైలు మీద మేము దాన్ని పరీక్షించినప్పుడు రెండు విషయాలు బయటపడ్డాయి.

మొదటిది కొంత నవ్వు తెప్పించేది. బ్లాక్ తన పని ముగించాక, సందేశాల కోసం వేరుగా ఉండే ఎర్రర్ స్ట్రీమ్ మీద అంతా అయిపోయిందన్న సందేశాన్ని ఒక కేకు బొమ్మతో సహా రాస్తుంది. విమ్ సాధారణ అమరికలో అసలు ఫలితం వచ్చే స్టాండర్డ్ అవుట్‌పుట్‌నూ ఎర్రర్ స్ట్రీమ్‌నూ కలిపే తీసుకుంటుంది కనుక, కూలి లెక్కల ఫైలులోకి ఆ కేకు వచ్చి చేరింది. నిశ్శబ్దంగా పని చేయమనే ఆప్షన్ ఇస్తే ఈ సందేశం ఆగుతుంది.

రెండవది నవ్వులాట కాదు. ఒక బ్రాకెట్ మూయకుండా సేవ్ చేస్తే బ్లాక్ ఆ కోడ్‌ను పార్స్ చేయలేదు. స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో ఏమీ రాయకుండా, ఎర్రర్ స్ట్రీమ్ మీద ఒక్క పంక్తి రాసి, విఫలమైందని తెలిపే 123 అనే ఎగ్జిట్ కోడ్‌తో బయటికి వస్తుంది. నిశ్శబ్ద ఆప్షన్ ఈ పంక్తిని ఆపదు, ఆపకూడదు కూడా. విమ్ మాత్రం ఎగ్జిట్ కోడ్ ఏమిటని చూడకుండా వచ్చినదాన్ని బఫర్‌లో పెట్టేస్తుంది. దానితో ఫైలులోని కోడ్ అంతా పోయి, ఎక్కడ పార్స్ చేయలేకపోయిందో చెప్పే ఒక్క పంక్తి మిగులుతుంది, వెంటనే అదే డిస్క్ మీద సేవ్ అవుతుంది. అన్‌డూ ఉంది కాబట్టి ఎడిటర్ తెరిచి ఉన్నంతసేపు ప్రమాదం లేదు. ఆ క్షణాన కరెంటు పోతే మాత్రం ఉంటుంది, కరెంటు పోవడం మా జిల్లాలో ఎవరూ ఊహించనిది కాదు.

కాబట్టి ఎడిటర్‌కూ బ్లాక్‌కూ మధ్య ఒక చిన్న పైథాన్ స్క్రిప్టును నిలబెట్టాం. ఆఫీసులో దాన్ని గేటు అని పిలుస్తాం. బఫర్‌లోని పాఠాన్నీ ఫైలు పేరునూ గేటు తీసుకుంటుంది, ప్రాజెక్టు సొంత పైథాన్ వాతావరణంలో (ఎన్విరాన్‌మెంట్‌లో) ఉన్న బ్లాక్‌నే వెతికి నడుపుతుంది, మూడు సెకన్లలో సమాధానం రాకపోతే ఆ ప్రయత్నాన్ని ఆపేస్తుంది. ఫైలు పేరును బ్లాక్‌కు చేరవేయడం తప్పనిసరి. స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి వచ్చిన కోడ్ ఏ ఫైలుదో తెలియకపోతే, మినహాయింపు జాబితాలో ఉన్న ఫైళ్ళను కూడా అది సర్దేస్తుంది.

సర్దిన ఫైలు మొత్తాన్ని గేటు ఎడిటర్‌కు తిరిగి ఇవ్వదు. పైథాన్‌తో పాటే వచ్చే డిఫ్‌లిబ్‌తో పాత పంక్తులనూ కొత్త పంక్తులనూ పోల్చి, ఎన్నవ పంక్తి నుంచి ఎన్నవ పంక్తి వరకు ఏ పంక్తులతో మార్చాలన్న జాబితాను మాత్రమే జేసన్ అనే ప్రామాణిక సమాచార రూపంలో ఇస్తుంది. విఫలమైతే ఆ జేసన్‌లోనే ఎర్రర్ సందేశం ఉంటుంది, మార్పుల జాబితా ఖాళీగా ఉంటుంది. అంటే విమ్‌కు ఎప్పుడూ ఒకే ఆకృతిలో సమాధానం వస్తుంది. ఎర్రర్ పంక్తి కోడ్‌గా మారిపోయే దారి అసలు లేదు.

ఇక్కడి నుంచి కర్సర్ సమస్య మొదలవుతుంది. బఫర్ మొత్తాన్ని మార్చి, కర్సర్‌ను పాత పంక్తి సంఖ్యకే తీసుకువెళ్ళడం సులువు. కానీ పైన ఎక్కడో ఒక పొడవైన పంక్తి నాలుగు పంక్తులుగా విరిగితే, పాత సంఖ్య దగ్గర ఇప్పుడు వేరే కోడ్ ఉంటుంది. మారిన చోట్లను మాత్రమే ఫైలు కింది భాగం నుంచి పై భాగానికి వరుసగా మారుస్తూ వస్తే, పైన ఇంకా చేయని మార్పుల పంక్తి సంఖ్యలు చెడిపోవు. కర్సర్‌నూ గుర్తులనూ కొత్త స్థానానికి జరిపే పని విమ్ తానే చూసుకుంటుంది. డిఫ్ ప్రోగ్రామ్ ఈడీ ఎడిటర్ కోసం రాసే స్క్రిప్టు కూడా ఎప్పటి నుంచో ఇలా కింది నుంచి పైకే నడుస్తుంది. కారణం ఇదే. తేడా ఏమీ లేనప్పుడు బఫర్‌ను అసలు ముట్టుకోకూడదన్నది మరో జాగ్రత్త. ముట్టుకుంటే మార్పు లేని మార్పు ఒకటి అన్‌డూ చరిత్రలో చేరుతుంది.

అన్‌డూ గురించి మా మధ్య భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఫార్మాటింగ్‌ను అంతకు ముందు టైప్ చేసిన మార్పుతో కలిపి ఒకే అన్‌డూగా చేసే ఆదేశం విమ్‌లో ఉంది. అయితే అన్‌డూ చేసిన వెంటనే దాన్ని వాడితే విమ్ ఎర్రర్ ఇస్తుంది. అన్‌డూ చేసి సేవ్ చేయడం రోజూ జరిగే పనే కనుక ఆ దారి మాకు పనికిరాలేదు. అది పనికివచ్చినా నేను వద్దనే అనేవాడిని. మనిషి చేసినదీ యంత్రం చేసినదీ విడివిడిగా వెనక్కి వెళ్ళగలగాలి. మొదటి అన్‌డూ ఫార్మాటింగ్‌ను తీసేస్తుంది, రెండవది మన టైపింగ్‌ను తీసేస్తుంది. అలాగే ఉంచాం.

మాస్టారి యంత్రం మీద పైథాన్ మొదలై, బ్లాక్ లోడ్ అయ్యేసరికి సేవ్‌లో కంటికి తెలిసేంత ఆలస్యం వచ్చేది. నేపథ్యంలో ఎప్పుడూ నడుస్తూ ఉండే బ్లాక్-డీ సర్వర్‌ను పెడదామని నేను ప్రతిపాదించాను. ఆయన వద్దన్నారు, దానికి ఆయన చెప్పిన కారణం వేగం కాదు. "నేను సేవ్ కొట్టేది ఆలోచన మధ్యలో బాబూ, అప్పుడు నా కళ్ళ ముందు పంక్తులు కదలకూడదు" అన్నారు. ఆయనకు సేవ్‌తో సంబంధం లేకుండా ఒక కీ కేటాయించాం. పని ఒక కొలిక్కి వచ్చాక ఆ కీ నొక్కుతారు. ఈమాక్స్ అనే మరో ఎడిటర్ వాడుకరుల కోసం ఉన్న అఫీలియా ప్యాకేజీ ఇదే ఇబ్బందిని మరోలా తీర్చింది. అది ముందు సేవ్ చేసేసి, ఫార్మాటర్‌ను నేపథ్యంలో నడిపి, ఈలోగా మనిషి మరేమీ టైప్ చేయకపోతేనే ఫలితాన్ని బఫర్‌కు వర్తింపజేస్తుంది. చక్కని ఆలోచన. మా ఇద్దరు విమ్ వాడుకరుల కోసం అంత యంత్రాంగం కట్టుకోవడం అనవసరమని అనిపించింది.

తెలుగు అక్షరాలు

మా కోడ్‌లోని స్ట్రింగులలో గణనీయమైన భాగం తెలుగు. రసీదు మీది ప్రతి మాటా అక్కడే ఉంది. విండోస్‌లో పైథాన్ 3.8 పైపు గుండా (అంటే మరో ప్రోగ్రామ్ నుంచి నేరుగా) పాఠాన్ని చదివేటప్పుడు, మనం వేరుగా చెప్పకపోతే, ఆ యంత్రపు పాత కోడ్ పేజీనే (అక్షరాలకు సంఖ్యలు కేటాయించే పట్టికనే) వాడుతుంది. ఆ కోడ్ పేజీలో తెలుగు లేదు. అందువల్ల గేటు ఇన్‌పుట్‌ను పాఠంగా కాక బైట్లుగా చదివి, అది అన్ని భాషల అక్షరాలకూ పనికివచ్చే యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పి మరీ విప్పుతుంది. అవుట్‌పుట్ వైపు మాకు అడగకుండానే రక్షణ దొరికింది. పైథాన్ జేసన్ మాడ్యూల్ సాధారణంగా ఆస్కీ (ప్రాథమిక ఇంగ్లీషు అక్షరాల పట్టిక) లో లేని ప్రతి అక్షరాన్నీ దాని యూనికోడ్ సంఖ్యగా రాస్తుంది కనుక, మధ్యలో ఏ కోడ్ పేజీ ఉన్నా ఆ ఫలితం చెడదు.

పరీక్ష ఫైలులో "స్టాక్‌లో" వంటి మాటలను కావాలనే పెట్టాం. అందులో క పొల్లుకూ లో అక్షరానికీ మధ్య, అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే ఉంటుంది. అది జారిపోతే రసీదులో ఆ మాట "స్టాక్లో" అని ముద్రితమవుతుంది. బ్లాక్ స్ట్రింగ్ లోపలి పాఠాన్ని మార్చదు కనుక ఆ అక్షరం క్షేమంగానే ఉంది. ఆ విషయాన్ని సర్దకముందు, సర్దిన తరువాత బైట్లను పోల్చి నిర్ధారించుకున్నాం.

పంక్తి పొడవు విషయంలో మాత్రం తెలుగు కొంత తికమక పెడుతుంది. బ్లాక్ హద్దు పంక్తికి 88 అక్షరాలు. "జీడిపప్పు" అన్న మాట కంటికి నాలుగు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో తొమ్మిది, యూటీఎఫ్-8 బైట్లలో ఇరవై ఏడు. కొత్త కూర్పులలో బ్లాక్ యూనికోడ్ వెడల్పు పట్టికను చూసి లెక్కిస్తుంది, ఎడిటర్ తెర మీద గీసే నిలువు గీత మరో లెక్కన నడుస్తుంది. అందుచేత తెలుగు ఉన్న పంక్తి గీత దాటినట్టు కనిపించినా బ్లాక్ దాన్ని ముట్టుకోకపోవచ్చు. పైగా పొడవైన స్ట్రింగ్‌ను స్థిర శైలిలో అది విరవదు. ఈ తేడాను సరిచేసే ప్రయత్నం మేము చేయలేదు, తెలుగు పంక్తుల దగ్గర ఆ గీతను నమ్మవద్దని మాత్రం అందరికీ చెప్పాం. ఇదే లెక్కల తేడా, ఎడిటర్లు భాషా పనిముట్లతో మాట్లాడే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌లోనూ ఉంది. అందులో పంక్తిలోని స్థానాన్ని సాధారణంగా యూటీఎఫ్-16 ప్రమాణాలలో లెక్కిస్తారు, విమ్ మాత్రం బైట్లలో లెక్కిస్తుంది. మా గేటు పూర్తి పంక్తులనే మారుస్తుంది కనుక ఆ లెక్కల జోలికి పోవలసిన అవసరం రాలేదు.

వీఎస్ కోడ్, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్

ఇద్దరు వీఎస్ కోడ్ వాడతారు. అక్కడ బ్లాక్ ఎక్స్‌టెన్షన్ వేసి, పైథాన్‌కు అదే ఫార్మాటర్ అని చెప్పి, సేవ్ మీద ఫార్మాట్ చేసే అమరికను ఆన్ చేస్తే చాలా భాగం పూర్తవుతుంది. ఫార్మాటర్ ఫైలు మొత్తాన్ని తిరిగి ఇచ్చినా, వీఎస్ కోడ్ తానే దాన్ని చిన్న చిన్న మార్పులుగా కుదించుకుంటుంది కాబట్టి కర్సర్ చెదరదు. విమ్‌లో మేము శ్రమపడి చేసిన పని ఇక్కడ సిద్ధంగా దొరికింది.

కానీ రెండు అమరికలు మా దృష్టికి వచ్చాయి. ఆ ఎక్స్‌టెన్షన్ తనతో పాటు ఒక బ్లాక్ కూర్పును తెచ్చుకుంటుంది, మనం వేరుగా చెప్పనంతవరకు దానినే వాడుతుంది. ఎక్స్‌టెన్షన్ తనంతట తాను అప్‌డేట్ అవుతుంది. అంటే విమ్ నుంచి ఒక కూర్పు, వీఎస్ కోడ్ నుంచి మరో కూర్పు ఒకే ఫైలును మార్చి మార్చి సర్దే పరిస్థితి వస్తుంది, వదిలించుకోవాలనుకున్న తేడాలే మళ్ళీ తయారవుతాయి. పైప్రాజెక్ట్ ఫైలులో తప్పనిసరి కూర్పును రాసి ఉంచడం వల్ల అలా జరగలేదు. తప్పుడు కూర్పు పని చేయడానికి నిరాకరించింది, ఆ నిరాకరణ చూసి కారణం వెతికాం. ఆపై దిగుమతి వ్యూహమనే అమరికను ప్రాజెక్టు వాతావరణానికి మార్చి, దాన్ని ప్రాజెక్టులోని వీఎస్ కోడ్ ఫోల్డర్‌లోనే కమిట్ చేశాం (గిట్ చరిత్రలో నమోదు చేశాం). ఇటువంటి అమరికలు మనుషుల సొంత సెట్టింగులలో ఉండకూడదు, ప్రాజెక్టుతో పాటు ప్రయాణించాలి.

రెండవది ఆటో సేవ్. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తరువాత రోజుల తరబడి జిల్లాలో కరెంటు లేదు. ఆ కాలం నుంచి మా ఆఫీసులో కొంత విరామం తరువాత తనంతట తానే సేవ్ అయ్యే అమరిక అందరి వీఎస్ కోడ్‌లోనూ ఉంది. అయితే అలా జరిగే ఆటో సేవ్‌లో వీఎస్ కోడ్ ఫార్మాట్ చేయదు. మనిషి తానుగా సేవ్ చేసినప్పుడే చేస్తుంది. ఇది సరైన ప్రవర్తనే, సగం రాసిన పంక్తి మన చేతి కింద కదలకూడదు. కానీ ఆటో సేవ్‌కు అలవాటుపడిన చేయి సేవ్ కీని మరచిపోతుంది. అందుచేత సర్దని ఫైళ్ళు డిస్క్ మీద ఉండడం సహజమేనని అంగీకరించి, కమిట్ దగ్గర చివరి తనిఖీ పెట్టాం.

ఐదవ వ్యక్తి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వదలనన్నారు. అక్కడ రన్ మెనూలో ఒక ఆదేశం పెట్టాం. అది డిస్క్ మీది ఫైలును సర్దుతుంది, ఎడిటర్ ఫైలు మారిందని గమనించి మళ్ళీ లోడ్ చేయనా అని అడుగుతుంది. అంతకు మించి ఆ ఎడిటర్ మీద సమయం పెట్టలేదు.

కమిట్ దగ్గర తనిఖీ

కమిట్ చేసే ముందు తానుగా నడిచే మా గిట్ హుక్ ఏ ఫైలునూ మార్చదు, తనిఖీ చేసి ఆపుతుంది, అంతే. హుక్ లోపలే ఫైలును సర్ది, మళ్ళీ స్టేజ్ చేసే (కమిట్ కోసం సిద్ధంగా ఉంచే) పద్ధతి ప్రచారంలో ఉంది గాని, ఒక ఫైలులో కొన్ని మార్పులనే స్టేజ్ చేసిన వారికి అది మిగిలిన మార్పులను కూడా కమిట్‌లోకి లాగేస్తుంది. అదే కారణం చేత తనిఖీ చేయవలసింది డిస్క్ మీది ఫైలును కాదు, స్టేజ్ చేసిన పాఠాన్ని. గిట్ షో ఆదేశానికి ఫైలు పేరు ముందు కోలన్ పెట్టి అడిగితే ఆ పాఠం వస్తుంది. దాన్ని బ్లాక్ తనిఖీ రీతిలోకి పంపిస్తే, సర్దవలసిన అవసరం ఉంటే ఎగ్జిట్ కోడ్ 1 వస్తుంది. ప్రాజెక్టును క్లోన్ చేసినప్పుడు (నకలు తెచ్చుకున్నప్పుడు) గిట్ హుకులు వెంట రావు కాబట్టి, వాటిని ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉంచి, హుకుల దారిని అటు చూపించే అమరికను ప్రతి యంత్రంలో ఒకసారి పెట్టాం.

ధరల పట్టిక

గట్టి అభ్యంతరం వచ్చింది ఇక్కడే. విరగని జీడిపప్పును 180, 210, 240, 320, 450 అనే గ్రేడులుగా విడదీస్తారు. ఒక పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ సంఖ్య చెబుతుంది కనుక, సంఖ్య చిన్నదైతే పప్పు పెద్దదన్న మాట. బద్దలు, ముక్కలు వేరే. ఈ గ్రేడులన్నింటికీ ధర, తరుగు, కూలి రేటు ఉన్న ఒక పట్టిక కోడ్‌లో ఉండేది. మాస్టారు దాన్ని ఖాళీలతో నిలువు వరుసలుగా తీర్చి, సంఖ్యలన్నీ కుడి అంచుకు సరిపోయేలా పెట్టారు. బ్లాక్ ఒక్క దెబ్బతో ఆ ఖాళీలన్నింటినీ ఒక్కొక్క ఖాళీగా కుదించేసింది. ఆయన అభ్యంతరం న్యాయమైనది. ఒక సున్నా ఎక్కువైతే ఆ నిలువు వరుసలోనే కంటికి దొరుకుతుంది, కుదించిన పట్టికలో దొరకదు.

ఆ భాగానికి ముందు ఫార్మాటింగ్ ఆపమనీ, తరువాత మొదలుపెట్టమనీ చెప్పే వ్యాఖ్యలు బ్లాక్‌కు ఉన్నాయి. రెండూ ఒకే ఇండెంటేషన్ స్థాయిలో ఉండాలన్న షరతు పాటిస్తే అవి చక్కగా పని చేస్తాయి. మొదట వాటితోనే పట్టికను కాపాడాం. తరువాత ఇటువంటి మినహాయింపులు కోరుతున్న చోట్లన్నీ చూస్తే, వాటిలో ఎక్కువ భాగం కోడ్ కాదని, కోడ్ మధ్యలో కూర్చున్న సమాచారమని అర్థమైంది. ధరలు సీజనులో తరచుగా మారేవే. వాటిని పైథాన్ ఫైలులో ఉంచడమే సరికాదు. పట్టిక ఇప్పుడు వేరే సీఎస్‌వీ ఫైలులో ఉంది, పలాసలోని గుమాస్తాలు దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి తామే మార్చుకుంటున్నారు. కోడ్‌లో నిజంగా మినహాయింపు అవసరమైనది రసీదు ముద్రణలో ప్రింటర్‌కు పంపే సంకేతాల జాబితా ఒక్కటే, అది అలాగే మిగిలింది.

జాబితా చివర కామా విషయంలో కొత్తవారికి ముందే చెప్పవలసిన సంగతి ఒకటుంది. చివరి అంశం తరువాత కామా ఉంటే, ఆ జాబితా ఒక్క పంక్తిలో పట్టినా సరే, బ్లాక్ దాన్ని అంశానికొక పంక్తిగా విడదీస్తుంది. వద్దనుకుంటే కామా తీసేయాలి. ఫార్మాటర్ మాట వినడం లేదని మా వారు ఫిర్యాదు చేసిన సందర్భాలలో చాలా వాటికి కారణం ఈ కామాయే.

మొత్తం ప్రాజెక్టును ఒకసారి సర్దడం

ఎడిటర్లన్నీ సిద్ధమయ్యాకే ఈ పని పెట్టుకున్నాం. ఈ క్రమం ముఖ్యం. ముందే మొత్తం ప్రాజెక్టును సర్దేస్తే, ఇంకా సిద్ధం కాని ఎడిటర్లు దాన్ని మళ్ళీ చెదరగొడతాయి. విడివిడిగా సాగుతూ పెండింగులో ఉన్న బ్రాంచులన్నింటినీ కలిపేసి, అందరి పనీ ప్రధాన బ్రాంచి అయిన మెయిన్‌లో ఉన్నదని నిర్ధారించుకుని, ఫార్మాటింగ్ తప్ప మరేమీ లేని ఒకే కమిట్ చేశాం. బ్లాక్ అర్థ నిర్మాణాన్ని తానే పోల్చుకుంటుందని తెలిసినా, గత సీజను సమాచారంతో రసీదులనూ కూలి పట్టీలనూ ముందూ తరువాతా తయారు చేసి, బైటు బైటుకూ పోల్చి చూశాం. ఎక్కడా తేడా లేదు.

ఆ కమిట్ తరువాత, అందులో మారిన ప్రతి పంక్తినీ చివరగా మార్చింది ఎవరని గిట్‌ను అడిగితే ఒకే పేరు చెబుతుంది. కూలి సూత్రం ఎప్పుడు, ఎవరు, ఎందుకు మార్చారో ఏళ్ల తరువాత కూడా వెతుక్కునే మాకు అది నష్టమే. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి దీనికి పరిష్కారం ఉంది. ఫార్మాటింగ్ కమిట్ సంఖ్యను ఒక ఫైలులో రాసి, బ్లేమ్ చేసేటప్పుడు (ఏ పంక్తిని ఎవరు మార్చారని అడిగేటప్పుడు) ఆ ఫైలులోని కమిట్లను లెక్కలోకి తీసుకోవద్దని ఒక అమరిక పెట్టవచ్చు. ఇది కూడా ప్రతి యంత్రంలో విడిగా పెట్టవలసినదే కనుక, హుకుల దారితో పాటు దీన్ని కూడా కొత్త యంత్రం సిద్ధం చేసే స్క్రిప్టులో చేర్చాం.

ప్రస్తుత స్థితి

సమీక్షకు వచ్చే తేడాలలో ఇప్పుడు మనిషి చేసిన మార్పులే కనిపిస్తున్నాయి. సింటాక్స్ తప్పుతో సేవ్ చేసినప్పుడు విమ్ కింది పంక్తిలో ఏ పంక్తి దగ్గర పార్స్ ఆగిందో చెబుతోంది, బఫర్ చెక్కుచెదరడం లేదు. పైథాన్ స్ట్రింగులలో దాగి ఉన్న ఎస్‌క్యూఎల్ ప్రశ్నలు మాత్రం ఎవరి శైలిలో వారివిగానే ఉన్నాయి. బ్లాక్ వాటిలోకి చూడదు, వాటి కోసం రెండో ఫార్మాటర్‌ను తెచ్చిపెట్టే ఉద్దేశం నాకు లేదు.

మాస్టారి యంత్రం మార్చిన రోజున కూర్పు సంఖ్య కూడా మారుతుంది. సంవత్సరం మారిన కూర్పుతో శైలిలో చిన్న తేడాలు వస్తాయి కాబట్టి మళ్ళీ ఒక ఫార్మాటింగ్ కమిట్ తప్పదు, దాని సంఖ్య కూడా ఆ బ్లేమ్ ఫైలులో రెండవ పంక్తిగా చేరుతుంది. ఆ పనిని ఫిబ్రవరి లోపే ముగించాలని నిర్ణయించుకున్నాం. మార్చి దాటితే కొత్త పిక్కలు దిగడం మొదలై, ధరలతో పాటు లెక్కల్లోనూ మార్పులు రోజూ వస్తుంటాయి.